వేరు బుడిపెలు

"ఇంట్లో బూజు దులపడానికి తీరిక లేదు గానీ, జొన్నలు ఉడకేసి మరీ బూజు పెంచుతోంది మా కోడలు" అని మా అత్తయ్య ఫోన్లో ఎవరితోనో చెప్తోంది. అప్పుడు నేను స్టూలెక్కి, కర్రకి కట్టిన చీపురుతో హాలు మూల దులుపుతున్నాను. కంట్లో నలుసు పడింది. దిగి కళ్ళు కడుక్కుంటూ నవ్వుకున్నాను. మాట నిజమే. మూలన వేలాడే సాలెగూడునీ బూజే అంటాం, పాచిపోయిన గింజ మీద మొలిచేదాన్నీ బూజే అంటాం. నేను ఒకదాన్ని దులుపుతాను, ఒకదాన్ని పెంచుతాను. రెండూ నేనే చేస్తున్నానని మాత్రం అత్తయ్య ఫోన్లో చెప్పలేదు.

ఆ బూజు మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నర్సరీ గురించి చెప్పాలి. మా వెనక గుమ్మం దాటితే నర్సరీయే. నీడ వల కింద వరసగా బల్లలు, వాటి మీద ట్రేలు, ట్రేల గుంటల్లో టమాటా, వంగ, మిరప నారు. రైతులు మా దగ్గర నారు కొనుక్కెళ్ళి పొలాల్లో నాటుకుంటారు. మామయ్య పోయాక అంతా మా ఆయనే చూసుకుంటున్నారని చెప్పుకుంటారు. చూసుకోవడమంటే ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు మాట్లాడటం, వచ్చినవాళ్ళకి ఆకుల నిగనిగ చూపించడం. ట్రేలు కడగడం, మట్టి కలపడం, గుంటకో గింజ వేయడం, రెండు పూటలా నీళ్ళు పెట్టడం, పాపని బడికి తయారు చేయడం, మూడు పూటలా వంట, ఇవన్నీ ఎవరూ చూసుకోరు, అవంతట అవే జరిగిపోతాయి. వచ్చినవాళ్ళెవరైనా గోళ్ళనిండా మట్టితో ఉన్న నన్ను చూసి ఎవరని అడిగితే "మా మిసెస్. ఖాళీగా ఉన్నప్పుడు కాస్త సాయం చేస్తుంటుంది" అంటారు ఆయన. ఖాళీగా ఉండటం ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను.

పెళ్ళికి ముందు నేను మొక్కల తెగుళ్ళ మీద ఎమ్మెస్సీ చేసి, ఒక పరిశోధనా కేంద్రంలో పనిచేశాను. మట్టిలో ఉండే శిలీంధ్రాలు, అంటే ఈ బూజుల జాతి, పంటల్ని తినే నులిపురుగుల్ని ఎలా పట్టుకుంటాయో చూడటం నా పని. నులిపురుగు కంటికి కనిపించదు. మైక్రోస్కోపు కింద పారదర్శకమైన దారంలా మెలికలు తిరుగుతుంది. ఒక రకం బూజు తన పోగుల మధ్య ఉంగరాల్లాంటి ఉచ్చులు అల్లుకుని ఊరికే ఉంటుంది. దారిన పోయే పురుగు ఆ ఉంగరంలోంచి దూరబోగానే ఉంగరం ఉబ్బి బిగుసుకుంటుంది. మొదటిసారి అది చూసిన రోజు అన్నం తినడం మర్చిపోయాను. గది తాళం వేయడానికి వచ్చిన మా మేడమ్ నా వెనక నిలబడి, "చాలమ్మా, అది రేపు కూడా అక్కడే ఉంటుంది" అని నవ్వింది. పెళ్ళి మాటలప్పుడు మా అమ్మ, ఉద్యోగం మానేయాల్సి వస్తుందేమోనని నసిగితే ఆయన "అక్కడ మొక్కలే, ఇక్కడా మొక్కలే కదండీ" అన్నారు. అందరూ నవ్వారు. నాకూ ఆ మాట ముద్దుగానే అనిపించింది.

కిందటేడు ట్రక్కు అక్క వచ్చింది. తన చిన్న ట్రక్కు తనే నడుపుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. భర్త పోయాక టమాటా సాగు ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ట్రక్కులోంచి వాడిపోయిన మొక్కలు కొన్ని తెచ్చి మా ఆయన బల్ల మీద పడేసింది. "చూడు తమ్ముడూ. నీళ్ళు పెడుతూనే ఉన్నాను, ఎండలో తల వేలాడేస్తున్నాయి. సాయంత్రానికి లేస్తాయి, మళ్ళీ మర్నాడు అదే వరస" అంది. మా ఆయన ఆకు తిప్పి చూశారు. "నీళ్ళు ఎక్కువైనట్టున్నాయక్కా. రెండు రోజులు ఆపి చూడండి" అన్నారు. నేను అప్పుడే ట్రేలు మోసుకుంటూ అటుగా వచ్చాను. మొక్క వేరు చూశాను. సన్నగా, దారాల్లా ఉండాల్సిన వేర్లు ముడులు పడి ఉబ్బిపోయి ఉన్నాయి, పూసల దండని మట్టిలో ముంచి తీసినట్టు.

"ఇవి వేరు బుడిపెలక్కా. నులిపురుగు వేరులోకి దూరి కూర్చుంటే వేరు ఇలా ఉబ్బుతుంది. నీళ్ళు పైకి ఎక్కవు" అన్నాను.

లోపలినుంచి అత్తయ్య వింటోంది. "నులిపురుగులు పిల్లల కడుపులో కదే ఉండేవి, మొక్కలకి కూడానా?" అంది. ట్రక్కు అక్క నవ్వలేదు. నా వైపే తిరిగి, "ఇది మా నేలలోదా, మీ నారుతో వచ్చిందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన "మా నారులో అలాంటివి ఉండవక్కా. మా నాన్న కాలంనుంచీ చూస్తున్నారుగా" అన్నారు. ఆమె వెళ్ళిపోయింది. ఆయన నా వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, "కస్టమర్ల ముందు చదువు చూపించకు" అన్నారు. ఆయన ఎప్పుడూ అరవరు. అరిచే మనిషైతే నాలుగు మాటలు తిరిగి అనడానికి నాకు సులువుగా ఉండేది.

ఆ మధ్యాహ్నం నర్సరీ చివరనున్న పాత మడిలో మిగిలిన టమాటా మొక్కలు పీకాను. ఒక్కటి కూడా శుభ్రంగా లేదు. మా ట్రేల్లో మొదటినుంచీ కొబ్బరి పొట్టే నింపేవాళ్ళం. అది ఖర్చని చెప్పి ఆయన కొంత కాలంగా అందులో సగం ఈ పాత మడి మట్టి కలపమన్నారు. కలిపిందీ, గుంటల్లో నింపిందీ నా చేతులే. బకెట్లో నీళ్ళు పోసి, ట్రేల్లోంచి అక్కడో మొలక ఇక్కడో మొలక లాగి మట్టి కడిగి చూశాను. లేత వేర్ల మీద ఆవగింజల కంటే చిన్నగా ముడులు. ఆ ట్రేలన్నీ ఆ సీజనుకి బుక్కయిపోయిన నారు. ఎండలో ఆ బకెట్ దగ్గర గొంతుక్కూర్చుని, ఈ నారు ఏయే పొలాలకి వెళ్ళబోతోందో ఊహించుకున్నాను. నులిపురుగు కాళ్ళు లేకుండానే ఊళ్ళు తిరుగుతుంది. మనమే మోసుకెళ్ళి దింపుతాం. ఒకసారి నేలలో దిగితే ఏళ్ళ తరబడి వదలదు.

ఆయనకి చూపించాను. చాలాసేపు చూశారు. అర్థం కాలేదనలేను. అర్థమైంది కాబట్టే ఆ మాట అన్నారు. "ఆకు పచ్చగా ఉన్నంతవరకూ ఎవరూ వేరు చూడరు. నువ్వు కూడా చూడలేదనుకో." మర్నాడు పాత మడిలో గుళికల మందు చల్లించారు. దానితో కొన్నాళ్ళు అణుగుతాయి, మళ్ళీ లేస్తాయి. అది చల్లిన చేతులకి మాత్రం వాసన వదలదు. ఆ చేతులు కూడా నావే.

నేను మా మేడమ్‌కి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక "బాగున్నారా మేడమ్" అని ఆగిపోయాను. ఆవిడ "బాగున్నాను. ఏ పురుగు?" అంది. అంతే, నా గొంతు తిరిగొచ్చింది. వారానికల్లా ఒక చిన్న పార్సిల్ వచ్చింది. గాజు గొట్టంలో, లేత వంకాయ రంగులో, పొడి చల్లినట్టున్న బూజు. ఇది ఉంగరాలు బిగించే రకం కాదు, నులిపురుగు గుడ్లలోకి చొచ్చుకుపోయి లోపలినుంచి తినేసే రకం. గుడ్లు పొదగకపోతే పురుగుల సంతతి తగ్గుతుంది. పెంచడం పెద్ద విద్యేం కాదు, శుభ్రంగా ఉండాలంతే. జొన్నలు నానబెట్టి, సగం ఉడికించి, వేడిని తట్టుకునే సంచుల్లో నింపి, మూతికి దూది పెట్టి, కుక్కర్లో ఆవిరి పట్టాలి. చల్లారాక దీపం పక్కన కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గొట్టంలోంచి కాస్త బూజు తీసి సంచిలో వేయాలి. పక్క బూజులు, నల్లవీ పచ్చవీ, ఏవీ రాకుండా చూసుకోవాలి. మొదటి సంచులు పచ్చబడి కంపు కొట్టాయి. అత్తయ్య ముక్కు మూసుకుని, "కుక్కర్లో పప్పు పెట్టుకోవాలంటే నీ బూజుని అడిగి పెట్టుకోవాల్సి వస్తోంది" అంది. రెండోసారి సంచులన్నీ వంకాయ రంగుకి తిరిగాయి. వాటిని స్టోర్ రూములో అరమీద పేర్చి, తలుపు వేసి, కొంతసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. పిలిచినా వినపడలేదేమో.

అయితే ఆ బూజు మందు కాదు. పురుగు అప్పటికే దూరిన వేరుని అది బాగు చేయలేదు. విత్తనం వేసేనాటికే మట్టిలో ఉండి, పురుగుకంటే ముందు అక్కడ ఇల్లు కట్టుకోవాలి. అంటే ట్రేల్లో ఎదిగిన నారుని ఏదీ కాపాడదు. పారేయాల్సిందే. ఈ మాట ఆయనకి మూడు రకాలుగా చెప్పాను. శాస్త్రం ప్రకారం చెప్పాను, వ్యాపారం పేరు పోతుందని చెప్పాను, చివరికి ట్రక్కు అక్క మొహం గుర్తుచేసి చెప్పాను. "సీజను నారు మొత్తం పారబోయమంటావా? నీకేం, చెప్తావు. జవాబు చెప్పుకోవాల్సింది నేను" అన్నారు. తర్వాత కాస్త మెత్తగా, "ఈ ఒక్కసారికి పోనీ. వచ్చే సీజనుకి నీ బూజు వేద్దాం" అన్నారు. బేరంలో నాకు ఏదో ఇస్తున్నట్టుగా ఉంది ఆ మాట.

నారు తీసుకెళ్ళే రోజు పొద్దున్నే బళ్ళు వచ్చి ఆగాయి. రైతులు టీ తాగుతూ గేటు దగ్గర నిలబడ్డారు. అందరికంటే ముందు ట్రక్కు అక్క. వాడిపోయిన చేను దున్నేసి పక్క పొలంలో మళ్ళీ నాటడానికి వచ్చింది. మా ఆయన ట్రే ఎత్తి ఆమె ట్రక్కులో పెట్టారు. నేను నీళ్ళ బకెట్ తెచ్చి ట్రక్కు పక్కన పెట్టాను. ఆ ట్రేలోంచి ఒక మొలక లాగి, నీళ్ళలో ముంచి, మట్టి పోయేదాకా ఆడించి, తడి వేరుని నా అరచేతిలో పరిచాను.

"అక్కా, ఆరోజు అడిగారు కదా. మా నారులోనే ఉంది" అన్నాను.

పక్కనున్నవాళ్ళు దగ్గరికొచ్చారు. నేను ఇంకో ట్రేలోంచి తీశాను, ఇంకో బల్లమీంచి తీశాను. కడిగి వాళ్ళ చేతుల్లోనే పెట్టాను. మట్టి ఎక్కడిదో చెప్పాను, కలిపింది నేనేనని చెప్పాను. ఇది నాటితే వాళ్ళ నేలకి ఏమవుతుందో చెప్పాను. ఒకాయన బూతు మాట అని ఖాళీ బండి తిప్పుకెళ్ళాడు. ఇద్దరు ముగ్గురు మా ఆయన చుట్టూ చేరి నిలదీశారు. ట్రక్కు అక్క ట్రే దింపేసి, ట్రక్కు వెనక తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేశారు. పాప ద్వారా మాట్లాడేవారు. "అన్నం పెట్టమను", "బట్టలు ఇస్త్రీ అయ్యాయేమో అడుగు". ఫోన్లో ఎవరితోనో, "బయటి శత్రువులైతే కాచుకోవచ్చు" అనడం విన్నాను. నేను ట్రేల మట్టినంతా నారుతో సహా ఒక గుంటలో వేసి పూడ్చాను. పాత మడిని తడిపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎండకి ఉడకనిచ్చాను. ట్రేలన్నీ మందు నీళ్ళలో నానబెట్టి కడగడానికి కూర్చున్నాను. అదో కొండ. కాసేపటికి అత్తయ్య వచ్చి పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, ఒక ట్రే అందుకుని తోమడం మొదలుపెట్టింది.

"ఈ నర్సరీలో మొదటి నారు పోసింది నేనే, తెలుసా? మీ మామయ్య అప్పుడు వేరే పనిలో ఉండేవారు" అంది తోముతూనే. "ఒక ఏడు మిరప నారంతా కుళ్ళిపోయింది. నీళ్ళు నిలుస్తున్నాయని నాకు ముందే తెలుసు. చెప్పలేదు."

"ఎందుకు?"

"చెప్తే, నాకే తెలుసన్నట్టు మాట్లాడుతున్నానని అనేవారు." ట్రే తిప్పి రెండో వైపు తోమింది. "కుళ్ళాక కూడా నన్నే అన్నారనుకో."

మళ్ళీ మొదలుపెట్టాం. ట్రేల్లో కొబ్బరి పొట్టు మాత్రమే, అందులో బాగా మాగిన ఎరువు, నా సంచుల్లోని బూజు. కొనేవాళ్ళు మొదట్లో ఎవరూ రాలేదు. ఒకరోజు ట్రక్కు అక్క వచ్చి బండి దిగకుండానే, "ఆ రోజు నువ్వు చెప్పకపోయుంటే పక్క పొలం కూడా పోయేది. ఇప్పుడు నారు ఇవ్వు. కానీ నేల ముందు నువ్వొచ్చి చూడాలి" అంది. ఆమె దెబ్బతిన్న పొలంలోనే సగం మేర బూజు కలిపిన నారు, సగం మేర మామూలు నారు నాటించాను. పొలం గట్టు మీద ఆమెతో నడుస్తుంటే కాళ్ళు తేలికగా ఉన్నాయి. పెళ్ళయ్యాక పనిమీద నేనొక్కదాన్నే వెళ్ళిన మొదటి చోటు అది.

కాపు అయ్యాక రెండు వైపులా మొక్కలు పీకి చూశాం. అద్భుతమేమీ జరగలేదు. బూజు వేసిన వైపు కూడా బుడిపెలు ఉన్నాయి. కాకపోతే అక్కడక్కడా, చిన్నవి. వేరు వేరులాగే ఉంది, కాయ ఆఖరిదాకా దిగింది. రెండో వైపు వేర్లు అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. "ఒక్క పంటకి పోదక్కా. ప్రతి పంటకీ వేస్తూ, మధ్యలో పంట మారుస్తూ పోతే తగ్గుతూ వస్తుంది" అన్నాను. "తగ్గితే చాలు. నాకు మాత్రం ఒక్క రోజులో ఏం బాగుపడింది గనక" అంది ఆమె. వెళ్ళేటప్పుడు తన ప్యాకింగ్ షెడ్డు వెనక గది చూపించింది. నీళ్ళ కుళాయి, పొయ్యి, కడగడానికి వీలుగా గచ్చు. "ఖాళీగానే ఉంది. చుట్టుపక్కల మేమందరం నీ సంచులు కొంటాం. ఇంట్లో పప్పు కుక్కర్తో ఎన్నాళ్ళు నెట్టుకొస్తావు?" అంది. "చూస్తానక్కా" అన్నాను. చూస్తానంటే ఇంట్లో అడిగి చెప్తానని అర్థం. ఇంట్లో అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. ఆయన మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టారు. ట్రక్కు అక్క పొలం సంగతి పాకి రైతులు తిరిగి వస్తున్నారు. ముందు గదిలో ఆయన గొంతు పాతరోజుల్లోలాగే గలగలలాడుతోంది. "మేం ఒక బూజు తయారు చేస్తున్నామండీ, పురుగు గుడ్డులోనే చచ్చిపోతుంది" అని చెప్తారు. మొదట్లో నాకు సంతోషం వేసింది, అబద్ధమాడను. ఆ "మేం" కొన్నాళ్ళకి "నేను" అయింది. "నేను రిస్కు తీసుకుని మొత్తం నారు పారబోయించాను" అని ఆయన చెప్తుంటే పక్క గదిలో సంచులకి దూది పెడుతున్నాను. ఆయన అబద్ధం ఆడుతున్నారని కూడా నాకనిపించలేదు. నిజంగా అలాగే గుర్తుండిపోయినట్టుంది ఆయనకి. ఇక సంచులు పెరిగాయి. వంట తర్వాత జొన్నలు, జొన్నల తర్వాత ట్రేలు, ట్రేల తర్వాత మళ్ళీ వంట. నేను కష్టపడి సాధించుకున్నది నా పనుల్లో ఇంకొక పనిగా చేరిపోయింది. దానికీ పేరు లేకుండా పోయింది.

నిన్న ఒక డీలర్ వచ్చాడు. నాలుగు ఊళ్ళలో దుకాణాలున్న మనిషి. ఆయనా అతనూ ముందు గదిలో కూర్చున్నారు. నేను టీ కప్పులు తీసుకెళ్ళేసరికి అతను అడుగుతున్నాడు.

"సరుకు బాగుందని విన్నాను. కానీ నెలనెలా ఇన్నని ఖాయంగా ఇవ్వగలరా? మధ్యలో ఆగిపోతే నాకు మాట పోతుంది."

"మీరు ఎన్నంటే అన్ని" అన్నారు మా ఆయన. "దానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, కూలీ అక్కర్లేదు. మనిషి ఇంట్లోనే ఉందిగా."

చెడ్డగా అనలేదు. నవ్వుతూ, నా చేతిలోంచి కప్పు అందుకుంటూ అన్నారు. నేను రెండో కప్పు డీలర్ ముందు పెట్టాను. ఏం చెప్పాలో ముందుగా ఏమీ అనుకోలేదు.

"రేపటినుంచి ఉండనండీ" అన్నాను అతనితో. "ట్రక్కు అక్క వాళ్ళ ప్యాకింగ్ షెడ్డు వెనక గదిలో పని మొదలుపెడుతున్నాను. ఎన్ని సంచులు ఇవ్వగలనో అక్కడ కుదురుకున్నాక చెప్తాను."

మా ఆయన కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశారు. డీలర్ ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూశాడు. వ్యాపారం తెలిసిన మనిషి. కుర్చీ కాస్త నా వైపుకి తిప్పుకుని, ఫోన్ తీసి, "మీ నంబరు చెప్పండి మేడమ్" అన్నాడు.

చెప్పాను.